సారు కుర్చీ ఇచ్చారు, పదవి ఇంకా రాలేదు

ప్రశ్న: మాది తిరుపతిలో 2004లో రిజిస్టరైన సొసైటీ. గొడవ వస్తే కొట్టుకోకుండా ఎలా తీర్చుకోవాలో బడిపిల్లలకు నేర్పుతాం. తిరుపతి, చంద్రగిరి, రేణిగుంటల్లో తరగతులున్నాయి. మొదటినుంచీ సెక్రటరీగా ఉన్న సారుకు ఇప్పుడు ఒంట్లో బాగాలేదు. అక్టోబర్ 2న గాంధీ జయంతి సభలో ‘ఇకమీదట ఈ అమ్మాయే సెక్రటరీ’ అని మైకులో చెప్పి, తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. బ్యాంకువాళ్లు ఆ కాగితం చెల్లదన్నారు. ట్రెజరర్‌దీ అదే మాట. సారు వాళ్లబ్బాయి బెంగళూరు నుంచి వచ్చి, ‘నాన్న పెట్టిన సంస్థ, నాకే రావాలి’ అంటూ చెక్‌బుక్కు, రికార్డులు తన దగ్గరే పెట్టుకున్నారు. చందాలతో కొన్న పది సెంట్ల స్థలం సారు పేరునే ఉంది. పోలీసు కేసు పెట్టమని కొందరంటున్నారు. చట్టప్రకారం నేను సెక్రటరీనేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఇవాళ్టికైతే కాదమ్మా. అలాగని ఆ అబ్బాయికీ హక్కు లేదు. సొసైటీ పదవి ఇల్లో పొలమో అయితే కదా, తండ్రి తర్వాత కొడుక్కి రావడానికి? అదే లెక్కన సారు కూడా దాన్ని తన ఇష్టప్రకారం ఇంకొకరి చేతిలో పెట్టలేరు. ‘వ్యవస్థాపకులే జీవితకాల కార్యదర్శి’ అని బైలాలో, అంటే సొసైటీ నియమావళిలో, రాసి ఉన్నా, తన తర్వాత ఎవరో చెప్పే అధికారం అందులోంచి రాదు. బైలాలో ఆ మాట వేరుగా రాసి ఉండాలి.

అందుకని ముందు బైలా తీయండి. మీ దగ్గర లేకపోతే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. సెక్రటరీని ఎన్నుకునేది కార్యవర్గమా, సర్వసభ్య సమావేశమా? మధ్యలో ఖాళీ వస్తే ఎవరు నింపాలి? నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, కోరం (సమావేశం చెల్లడానికి కనీసం ఉండాల్సిన సభ్యుల సంఖ్య) ఎంత? ఇవన్నీ అందులోనే ఉంటాయి. జయంతి సభకు ఈ అజెండాతో నోటీసు వెళ్లలేదు, వచ్చినవాళ్లలో సభ్యులెవరో శ్రోతలెవరో కూడా రాసుకోలేదు కదా. ట్రెజరర్ మీద కోపం వద్దు, ఆయన చెప్పింది నిజమే.

ఇప్పుడు చేయాల్సింది ఇదీ. సారు చేత రాజీనామా లేఖ రాయించండి. మీకిచ్చిన కాగితంలో ‘ఈమె సెక్రటరీ’ అని ఉందేగానీ ‘నేను తప్పుకుంటున్నాను’ అని లేకపోతే అది రాజీనామా కిందకి రాదు. బైలా ప్రకారం నోటీసిచ్చి సమావేశం పెట్టి, రాజీనామాను ఆమోదించి, కొత్త సెక్రటరీని ఎన్నుకుని, మినిట్స్‌ (సమావేశం నిర్ణయాల పుస్తకం)లో రాసి, హాజరైన సభ్యుల సంతకాలు తీసుకోండి. నోటీసు ఇవ్వాల్సిన సెక్రటరీయే మంచం మీద ఉంటే, సభ్యులు కొందరు కలిసి సమావేశం కోరే వీలు బైలాలో ఉందేమో చూడండి. తర్వాత ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001లోని 9వ సెక్షన్ ప్రకారం కొత్త కార్యవర్గం జాబితాను 15 రోజుల్లోపు జిల్లా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. చాలా సంస్థలు దీన్ని ఏళ్లతరబడి పట్టించుకోవు. గొడవ వచ్చాకే అందరికీ ఆ ఫైలు గుర్తొస్తుంది.

జాబితా రిజిస్ట్రార్ తీసుకున్నంత మాత్రాన మీరు గెలిచినట్టు అనుకోవద్దు. ఎవరి ఎన్నిక చెల్లుతుందో తేల్చే అధికారం ఆయనకు లేదు. ఆ అబ్బాయి కూడా ఇంకో జాబితా పట్టుకెళితే, తగాదా 23వ సెక్షన్ కిందకి వస్తుంది. సభ్యులెవరైనా ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తి తీర్పుకు, వెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులో అర్జీ వేయొచ్చు. ఆ అబ్బాయి అసలు సభ్యుడేనా? సభ్యత్వ రిజిస్టరు చూడండి. కాకపోతే ఆ సెక్షన్ కింద ఆయన అడగడానికే వీల్లేదు.

పదవి కంటే నాకు ఆ పది సెంట్ల గురించే టెన్షన్‌గా ఉంది. పదవి సంగతి రెండు నెలలు ఆలస్యమైనా సర్దుకుంటుంది, స్థలం విషయంలో అంత వ్యవధి లేదు. ఈలోగా సారుకు ఏమైనా అయితే, కాగితాల ప్రకారం ఆ స్థలం వారసులది. చందా రసీదులు, డబ్బు సొసైటీ ఖాతాలోంచి వెళ్లిన ఆధారాలు పట్టుకుని మీరు సివిల్ కోర్టులో ఏళ్లకేళ్లు తిరగాలి. ఇంకొకరి పేరున కొన్న ఆస్తిని తమదని అడగనివ్వని బినామీ చట్టం అడ్డొస్తుందని అవతలి లాయరు తప్పకుండా అంటారు. నమ్మకం మీద ఒకరి పేరున ఉంచిన ఆస్తికి అందులో మినహాయింపు ఉంది, అది మీకు వర్తిస్తుందని మీరు నిరూపించుకోవాలి. అంతదాకా ఎందుకు? సారు తెలివిగా ఉండి సంతకం పెట్టగలిగినప్పుడే సొసైటీ పేరున దానపత్రం రాయించండి. స్థిరాస్తి దానానికి ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. స్టాంపు డ్యూటీ ఖర్చవుతుంది, కమిటీ తీర్మానం చేసి కట్టండి. డాక్టరు సర్టిఫికెట్ కూడా తీసుకుంటే, ‘నాన్నకు ఆరోజు తెలివి లేదు’ అనే మాట రేపు రాదు.

బ్యాంకుకు తీర్మానం నకలు, కొత్తవాళ్ల కేవైసీ, సంతకాల నమూనాలు ఇస్తే సరిపోతుంది. ఆదాయపు పన్ను పోర్టల్‌లో, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ పోర్టల్ దర్పణ్‌లో వివరాలు మార్చండి. విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ ఉంటే మాత్రం జాగ్రత్త, ముఖ్య బాధ్యుల మార్పును 45 రోజుల్లోపు ఎఫ్‌సీ-6ఈ ఫారంలో తెలపాలి.

పోలీసు కేసు వద్దు. డబ్బు వాడుకున్నారన్న ఆధారం లేనంతవరకు ఇది సివిల్ తగాదా అని స్టేషన్‌లోనే తిప్పి పంపిస్తారు. పైగా, కొట్టుకోకండని పిల్లలకు చెప్పేవాళ్లు స్టేషన్ మెట్లెక్కితే తిరుపతిలో ఆ వార్త పాకడానికి పూట కూడా పట్టదు. రికార్డులు అప్పగించమని కమిటీ తరఫున స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. దానికీ వినకపోతే న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి. కేసు వేయకముందే ఇద్దర్నీ పిలిచి కూర్చోబెడతారు, ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అక్కడిచ్చే తీర్పు (అవార్డు) కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు కూడా ఉండదు. ఆ అబ్బాయికి కావలసింది తండ్రి పేరు నిలవడమే అయితే, సంస్థకో తరగతి గదికో సారు పేరు పెడతామని ఆ టేబుల్ దగ్గరే చెప్పి చూడండి.

ఎన్నిక అయ్యేదాకా ఎక్కడా ‘సెక్రటరీ’ అని సంతకం పెట్టకండి. అక్టోబర్ నుంచి ఇప్పటిదాకా అలా పెట్టినవి ఉంటే, వాటన్నిటినీ రాబోయే సమావేశం అజెండాలో చేర్చి ఆమోదం తీసుకోండి.