పీహెచ్‌డీ గైడ్‌ను ఎంచుకునేటప్పుడు సైటేషన్ల సంఖ్యను ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: విజయవాడలో ఎం.టెక్ పూర్తి చేశారు. కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇద్దరు గైడ్లు సరేనన్నారు. ఒకరికి గూగుల్ స్కాలర్‌లో (పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ సైట్) నాలుగు వేలకు పైగా సైటేషన్లు, అంటే ఇతరుల పేపర్లలో వారి పేపర్ల ప్రస్తావనలు, హెచ్-ఇండెక్స్ 32. మరొకరికి 350 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 9. మొదటివారిని వదులుకుంటే తప్పు చేసినట్టేనా అని అడుగుతున్నారు.

కాదు. అలాగని రెండోవారి దగ్గరే చేరమని కూడా చెప్పను. ఆ అంకెల వెనక ఏముందో మీరే తెరిచి చూడాలి. దానికి రెండు సాయంత్రాలు చాలు. నాలుగైదేళ్ళ జీవితం ఒకరి చేతిలో పెట్టబోతున్నారు కాబట్టి ఆ మాత్రం శ్రమ పడితీరాలి.

నేను పందొమ్మిదేళ్ళుగా గుంటూరు వైపు ఒక ఇంజినీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. ఉండేది విజయవాడ సత్యనారాయణపురంలో. నా రంగం కంప్యూటర్ విజన్, అంటే ఫొటోలో ఏముందో కంప్యూటర్ చేత గుర్తింపజేయడం.

ముందు హెచ్-ఇండెక్స్ సంగతి. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించారు. కనీసం తొమ్మిదేసి సైటేషన్లు ఉన్న పేపర్లు తొమ్మిది ఉంటే హెచ్-ఇండెక్స్ 9. పదేసి ఉన్నవి పది అయ్యేదాకా అది పదికి చేరదు. ఒకే పేపరుకు ఐదు వేల సైటేషన్లు వచ్చి, మిగతా వాటికి ఒక్కటీ రాకపోతే ఈ సూచిక ఒకటి దగ్గరే ఆగిపోతుంది. ఇరవై ఏళ్ళ పరిశోధన తర్వాత 20 ఉంటే ఆ శాస్త్రవేత్త విజయం సాధించినట్టే అని హిర్ష్ రాశారు. అయితే ఆయన ఆ మాట అన్నది భౌతిక శాస్త్రవేత్తలను దృష్టిలో పెట్టుకుని. కంప్యూటర్ సైన్స్‌లో ఒక్కో శాఖది ఒక్కో లెక్క. 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి, ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో వేగంగా, కచ్చితంగా తేల్చే పద్ధతి కనిపెట్టారు. శతాబ్దాల నాటి ప్రశ్న అది. 2006లో వారికి గోడెల్ బహుమతి వచ్చింది. ఫొటోలను గుర్తించే రెస్‌నెట్ అనే డీప్ లెర్నింగ్ పద్ధతి పేపరుకు లక్షకు పైగా సైటేషన్లు ఉన్నాయి. ఆ ముగ్గురి పేపరు దాని దరిదాపుల్లో కూడా ఉండదు. కారణం ఒక్కటే. డీప్ లెర్నింగ్‌లో రోజూ పేపర్లు రాసేవారు వేలల్లో ఉంటే, సంఖ్యా సిద్ధాంతపు (నంబర్ థియరీ) లోతుల్లో పనిచేసేవారు గుప్పెడుమంది. అందువల్ల మీ ఇద్దరు గైడ్లదీ ఒకే శాఖ కాకపోతే 32ను, 9ని పక్కపక్కన పెట్టడమే తప్పు.

ఇప్పుడు నా సొంత ప్రొఫైల్ చూపిస్తాను. అంకెలు ఎంత చెబుతాయో, ఎంత దాస్తాయో నాకు అక్కడే తెలిసివచ్చింది.

నా పేపర్లలో ఎక్కువ సైటేషన్లు ఉన్నది 2018లో ముగ్గురం కలిసి రాసిన సర్వే పేపరు. మొక్కల తెగుళ్ళను ఫొటోల ద్వారా పట్టుకునే పద్ధతులన్నిటినీ ఒకచోట చేర్చాం. మూడు నెలల పని. దానికి 240 సైటేషన్లు వచ్చాయి. ఒక సంక్రాంతి సెలవుల్లో కూర్చుని, మా పేపరును ప్రస్తావించిన మొదటి నలభై పేపర్లు తెరిచి చూశాను. దాదాపు అన్నింటిలోనూ మేము ఉన్నది ఉపోద్ఘాతంలోనే. 'ఈ అంశంపై ఇప్పటికే చాలామంది పనిచేశారు' అన్న వాక్యం చివర, మూడో నంబరు నుంచి పదకొండో నంబరు దాకా వరసగా పేర్చిన రిఫరెన్సుల్లో ఒకటి. ఆ వాక్యంలోంచి మా పేపరును తీసేసినా వారి పరిశోధనలో వెంట్రుకవాసి తేడా రాదు.

రెండో పేపరు మిరప ఆకులది. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు వచ్చి మిరప రైతును ఎంత ఏడిపించిందో గుంటూరు వైపువారికి చెప్పనక్కరలేదు. ఆ ఏడాది నా విద్యార్థులు మేడికొండూరు మండలంలో పొలాలు తిరిగి 2,600 ఫొటోలు తీశారు. ముడుచుకున్న ఆకులన్నిటికీ 'ఆకుముడత' అని ఒకే పేరు పెట్టారు. ఆ ఫొటోలతో నేర్పిన కంప్యూటర్ మోడల్ 96 శాతం సరిగ్గా గుర్తిస్తోందని నేనూ సంతోషించాను. ఒకరోజు ఆ పొలం రైతుకు ల్యాప్‌టాప్‌లో ఫొటోలు చూపిస్తుంటే ఆయన నన్ను ఆపేశారు.

"మాస్టారూ, ఇవి రెండూ ఒకటి కాదండీ. ఇది పైముడత. ఇది కింది ముడత. రెండింటికీ ఒకే మందు కొడితే డబ్బు దండగ."

రెండు ఆకులు కోసుకొచ్చి నా అరచేతిలో పెట్టారు. ఒకదాని అంచులు పైకి లేచి పడవలా ఉన్నాయి. అది తామర పురుగు పని. రెండోది తిరగేసిన పడవలా కిందికి ముడుచుకుని ఉంది, కాడ సాగి ఉంది. అది నల్లి పని. పైనుంచి తీసిన ఫొటోలో ఈ తేడా మాకు కనిపించలేదు. ఆయన పుట్టినప్పటి నుంచి చూస్తున్నది అదే. తర్వాతి ఐదు వారాలూ ఆదివారాలు ఆయన పక్కన కూర్చుని ఒక్కో ఫొటోకు మళ్ళీ పేరు పెట్టాం. కచ్చితత్వం 81 శాతానికి పడిపోయింది. ఆ అంకెతోనే పేపరు పంపాను. రెండు జర్నళ్ళు తిప్పి పంపాయి. చివరికి ఒక చిన్న కాన్ఫరెన్స్‌లో వచ్చింది.

దానికి ఇప్పటికి 23 సైటేషన్లు. వాటిలో 14 పేపర్లు మా ఫొటోలను తీసుకుని వాడినవి. కర్ణాటకలోని బ్యాడగి వైపు నుంచి ఒక విద్యార్థి ఉత్తరం రాశాడు. మా ఫొటోల్లో 31 వాటికి పేర్లు తప్పుగా ఉన్నాయని జాబితా కట్టి పంపాడు. సరిచూస్తే 27 నిజంగానే తప్పులు. దిద్ది మళ్ళీ పెట్టాం. మా పని మీద ఒకరు అంత దృష్టి పెట్టి చూశారన్న ఆనందం ఆ 240 సైటేషన్లలో ఒక్కటీ ఇవ్వలేదు. కానీ హెచ్-ఇండెక్స్ లెక్కలో సర్వే పేపరూ ఒకటే, ఇదీ ఒకటే.

అందుకే గైడ్ ప్రొఫైల్‌లో ఎక్కువ సైటేషన్లున్న ఐదు పేపర్లు తీసుకోండి. ఒక్కోదాని కింద ఉన్న సైటేషన్ల అంకె మీద నొక్కితే, దాన్ని ప్రస్తావించిన పేపర్ల జాబితా వస్తుంది. వాటిలో నాలుగైదు తెరిచి గైడ్ పేరు ఎక్కడ వచ్చిందో వెతకండి. పద్ధతి వివరించేచోట వచ్చిందా, ఫలితాల పట్టికలో పోల్చి చూశారా, లేక ఉపోద్ఘాతపు గుంపులోనే ఉందా? ఈ ఒక్క పని చేస్తే సగం నిజం బయటపడుతుంది.

మిగతా సగం చెప్పడానికి బాధగా ఉంటుంది, అయినా చెప్పాలి. ఒకసారి ఒక జర్నల్‌కు పేపరు పంపితే, సమీక్షకుల్లో ఒకరు మా అంశంతో సంబంధం లేని ఆరు పేపర్లను రిఫరెన్సుల్లో చేర్చమన్నారు. ఆరింటిలోనూ ఉమ్మడిగా ఉన్న పేరు ఒకటే. చేర్చలేదు. పేపరు పోయింది. మరోసారి ఎవరో ఫోను చేసి, సిద్ధంగా ఉన్న పేపరులో రెండో రచయిత స్థానం ఖాళీ ఉందని ధర చెప్పారు. ఇలాంటివి కొనేవారు ఉన్నారు కాబట్టే అమ్మేవారున్నారు. జీతం పెరగాలన్నా, పదోన్నతి రావాలన్నా ఇన్ని పేపర్లు, ఇన్ని సైటేషన్లు అని లక్ష్యాలు పెట్టినచోట నిజాయతీగా పనిచేసే యువ అధ్యాపకులు ఎంత నలిగిపోతారో నేను దగ్గరుండి చూశాను.

కాబట్టి ప్రొఫైల్‌లో కుడివైపు ఉండే ఏడాదివారీ పట్టీలు కూడా చూడండి. పదేళ్ళు నేలమీదే ఉన్న పట్టీ ఒక్క ఏడాదిలో ఆకాశానికి లేస్తే కారణం వెతకండి. ఒక్కోసారి కారణం మంచిదే, ఒక గొప్ప పేపరు కావచ్చు. కానీ సైటేషన్లు అన్ని పేపర్లకూ సమానంగా వస్తూ, ఇచ్చేవారంతా మళ్ళీ మళ్ళీ అవే నాలుగు పేర్లైతే జాగ్రత్తపడండి. ఏడాదికి నలభై పేపర్లు రాసే గైడ్‌కు మీ థీసిస్ చదివే తీరిక ఎప్పుడు దొరుకుతుందో కూడా ఆలోచించండి.

మరో విషయం. మన శాఖలో మంచి పని చాలావరకు ముందు కాన్ఫరెన్సుల్లోనే వస్తుంది. మన కళాశాలల్లో మాత్రం జర్నళ్ళనే ఎక్కువ లెక్కిస్తారు. అందువల్ల స్కోపస్ అనే పరిశోధన పేపర్ల డేటాబేస్ అంకె ఒక్కటే చూడకుండా డీబీఎల్‌పీలో కూడా పేరు వెతకండి. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో 1993లో మొదలైన ఈ సూచీలో కంప్యూటర్ సైన్స్ పేపర్లు కాన్ఫరెన్స్ పేరుతో సహా వరసగా కనిపిస్తాయి. గూగుల్ స్కాలర్ అంకె స్కోపస్ కన్నా సాధారణంగా పెద్దగా ఉంటుంది. థీసిస్‌లు, ఇంకా సమీక్ష పూర్తికాని పేపర్లు కూడా దాని లెక్కలోకి వస్తాయి. ఇద్దరినీ పోల్చేటప్పుడు రెండు అంకెలూ ఒకేచోటి నుంచి తీసుకోండి.

సైటేషన్లకు అందని పని కూడా ఉంటుంది. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు నూజివీడులో, నందిగామలో కూడా చదువుకున్నారు, మన చుట్టుపక్కల ఊళ్ళే. 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఆయన రాసిన పేపరుకు గాను 2023లో, 102 ఏళ్ళ వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. మధ్యలో 78 ఏళ్ళు గడిచాయి. అందులోని ఫలితాలు పాఠ్యపుస్తకాల్లో కలిసిపోయాయి. ఇవాళ సిగ్నల్ ప్రాసెసింగ్ చేసేవారు క్రామెర్-రావు హద్దు అని పేరు చెప్పి వాడతారే తప్ప, ఆ పేపరును రిఫరెన్సుల్లో చేర్చాలని ప్రతిసారీ అనుకోరు. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1959లో రాసిన మూడు పేజీల పేపరుదీ అదే స్థితి. అతి దగ్గరి దారి కనుక్కునే ఆ పద్ధతిని మన బీటెక్ పిల్లలు పరీక్షల్లో రాస్తారు. మూల పేపరు తెరిచినవారు ఎందరు?

మీ విషయానికి వస్తే, ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: "సర్, మీ పేపర్లలో నన్ను మొదట ఏది చదవమంటారు?" ఎక్కువ సైటేషన్లు ఉన్నదాన్నే చెబుతారో, మరేదైనా చెప్పి ఎందుకో వివరిస్తారో వినండి. అది చదివి వారం తర్వాత ఒక సందేహంతో వెళ్ళండి. తర్వాత, వారి దగ్గర ఈ రెండు మూడేళ్ళలో థీసిస్ ఇచ్చినవారిని కలిసి, రాసిచ్చిన అధ్యాయం ఎన్నాళ్ళకు తిరిగి వచ్చేదో, అందులో గైడ్ చేతిరాత ఎంత ఉండేదో అడగండి. థీసిస్ సమర్పించే ముందు పేపరు ప్రచురించి తీరాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తొలగించింది. కానీ విశ్వవిద్యాలయాలు సొంత నిబంధనలు పెట్టుకోవచ్చు. మీరు చేరబోయే చోట ఏముందో రాతపూర్వకంగా తెలుసుకోండి.

350 సైటేషన్లున్న గైడ్ అందులో సగం ఒకే మంచి పేపరుకు తెచ్చుకుని ఉంటే, ఆ పేపరును వాడుకున్నవారు ఆయనకు తెలియని ఊళ్ళవారైతే, నేనైతే అటే మొగ్గుతాను. 32 ఉన్నవారి జాబితాలో కూడా అలాంటి పేపర్లే కనిపిస్తే నిస్సందేహంగా అక్కడ చేరండి. రెండు ప్రొఫైళ్ళూ తిరగేశాక, పేర్లు లేకుండా, మీకు ఏం కనిపించిందో ఈ జవాబు కింద రాయండి. చూసి నా అభిప్రాయం చెబుతాను.