ఎక్స్ ఫైల్స్ సినిమా చూడాలంటే ముందు సీరియల్ మొత్తం చూడాలా?

1998లో వచ్చిన ఎక్స్ ఫైల్స్ సినిమా చూద్దామనుకుంటున్నాను, కానీ అది అదే పేరున్న అమెరికన్ టీవీ సీరియల్ మధ్యలో వచ్చిన కథట, సీరియల్ చూడనివాళ్లకి అర్థమవుతుందా అని కదా మీరు అడిగింది. అర్థమవుతుందండీ. ముందు సినిమానే చూసేయండి. నేను చూసింది కూడా అలాగే. 2000లో అమలాపురంలో వీసీడీ అద్దెకు తెచ్చుకుని, వింత కేసులు చూసే ఎఫ్‌బీఐ ఏజెంట్లు మల్డర్ ఎవరో స్కల్లీ ఎవరో తెలియకుండా, ఇంగ్లీషు మాటలు సగమే అందుతుంటే చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సినిమా మొదట్లోనే టెక్సాస్‌లో ఒక పిల్లాడు ఆడుకుంటూ గోతిలో పడిపోతాడు. అడుగున పుర్రె కనిపిస్తే తీసుకుంటాడు. ఇంతలో నేలలోంచి నల్లటి నూనెలాంటిది ఊరి, వాడి కాళ్లమీదుగా ఒంట్లోకి పాకి, చివరికి కళ్లు నల్లబడిపోతాయి. మాది మామిడికుదురు దగ్గర ఊరు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి దగ్గర బ్లోఅవుట్ జరిగి, అంటే లోపలి గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగదన్ని, మంటలు లేచినప్పుడు నాకు పదకొండేళ్లు. ఆ మంట 65 రోజులు ఆరలేదు. ఆ హోరు చెప్తే అర్థమయ్యేది కాదు, చెవిలో కంటే గుండెల్లో ఎక్కువ తెలిసేది, రాత్రిళ్లు కొబ్బరాకుల నీడలు మా గోడల మీద ఆడుతుంటే మా నాయనమ్మ తలుపులన్నీ వేసేసి కూర్చునేది. చివరికి మమ్మల్ని పాలకొల్లులో అమ్మమ్మగారింటికి పంపించేశారు. కాళ్ల కింద నేలలో ఏముందో మనకి తెలియదన్న భయం నాకు అప్పుడే పట్టుకుంది, ఐదేళ్ల తర్వాత ఆ గోతి సీను చూస్తుంటే అదే భయం మళ్లీ వచ్చి కూర్చుంది.

నన్ను ఇంకా కదిలించింది ఆ తర్వాత వచ్చేది. మల్డర్, స్కల్లీ వెళ్లేసరికి అక్కడ గొయ్యే ఉండదు. పచ్చగడ్డి పరిచి, పైన పిల్లలు ఆడుకునే పార్కు కట్టేసి ఉంటుంది. సైకిళ్ల మీద వచ్చిన పిల్లల్ని అడిగితే ఆ గోతి దగ్గరికి వచ్చిన ట్యాంకర్లు ఎటు పోయాయో వాళ్లే చూపిస్తారు. మా ఊళ్లోనూ అంతే, ఏ లారీ ఎన్నింటికి వచ్చింది, ఏ దారిన పోయింది అని పెద్దవాళ్ల కంటే మాకే బాగా తెలిసేది, మమ్మల్ని ఎవరూ అడగలేదు గానీ. ఇలాంటివి తెలియడానికి సీరియల్ అక్కర్లేదు కదా.

పైగా కొత్తవాళ్లు వస్తారని తీసినవాళ్లకీ తెలుసు. రచయిత క్రిస్ కార్టర్, దర్శకుడు రాబ్ బౌమన్ ఒక బార్ సీను పెట్టారు, అందులో మల్డర్ తాగిన మత్తులో తన చెల్లెల్ని ఎత్తుకుపోయారని, ప్రభుత్వం దాస్తున్న నిజం కోసమే తిరుగుతున్నానని ఆ బార్‌లో అమ్మాయికి చెప్పేస్తాడు. అవసరమైన వెనుకకథ ఆ కాసేపట్లో వచ్చేస్తుంది. సిగరెట్ కాల్చే ఆ ముసలాయన ఎవరు, లండన్‌లో కూడిన పెద్దమనుషులు ఎవరు అన్నది పూర్తిగా తెలియకపోయినా, దాస్తున్నది వాళ్లే అని తెలుస్తుంది, సినిమాకి అది చాలు.

ఒక్క చోట మాత్రం సీరియల్ చూడనివాళ్లకి నష్టం ఉంది, అది మల్డర్ ఇంటి బయట వరండాలో వచ్చే సీను. స్కల్లీ ఉద్యోగం మానేస్తానంటుంది, అతను ఆపుతాడు, ఇద్దరూ దగ్గరికి వస్తారు, సరిగ్గా అప్పుడే ఒక తేనెటీగ. (మొక్కజొన్న చేలో గుడారాల్లోంచి లేచిన తేనెటీగల్లో ఒకటి ఆమె కాలర్‌లో ఉండిపోయింది.) నాకప్పుడు అది మామూలు ప్రేమ సీనులాగే అనిపించింది. తర్వాత సీరియల్ మొదటి నుంచి చూశాక, 1993 నుంచి 117 ఎపిసోడ్ల పాటు ఈ ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎంత పోగొట్టుకున్నారో తెలిశాక, అదే సీనుకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

అందుకని మీకు టైముంటే సినిమాకి ముందు కొన్ని చూడండి: మొట్టమొదటి ఎపిసోడ్, రెండో సీజన్‌లో డ్వేన్ బ్యారీ, దాని తర్వాతి అసెన్షన్. స్కల్లీ మాయమయ్యేది అక్కడే. నల్ల నూనె సంగతి కావాలంటే మూడో సీజన్‌లో పైపర్ మారు, అపోక్రిఫా, నాలుగో సీజన్‌లో టుంగుస్కా, టెర్మా. ఐదో సీజన్ చివరిది, ద ఎండ్, తప్పనిసరి, సినిమా దాని తర్వాతే మొదలవుతుంది. నిజానికి సినిమా షూటింగ్ 1997లోనే, ఐదో సీజన్ తీయకముందే జరిగింది, అందుకే ఆ సీజన్ కథని సినిమాకి అతికేలా నడపాల్సి వచ్చింది. 2008లో వచ్చిన రెండో సినిమాకి ఈ కుట్ర కథతో సంబంధం లేదు, దాన్ని ఎప్పుడైనా చూసుకోవచ్చు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా ఆవిడకి ఈ సినిమా పెట్టాను. తను సీరియల్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు. రెండు గంటలూ కదలకుండా చూసింది, గోతి సీనప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అయ్యాక, వాళ్లిద్దరూ అసలు ఎలా కలిశారు, మొదటి ఎపిసోడ్ పెట్టండి అంది. ఇప్పుడు మూడో సీజన్‌లో ఉన్నాం.