కరివేపాకులో ఏనుగు ఉందా?

సందేహం: కరి అంటే ఏనుగు కదా, మరి కరివేపాకుకు ఆ పేరెందుకు? ఏనుగులు ఇష్టంగా తింటాయి కాబట్టి అని మా మాస్టారు చెప్పేవారు. బెంగళూరులో ఉండే మా తమ్ముడేమో కరి అంటే నలుపు అంటాడు. ఇంగ్లిష్ ‘కర్రీ’ కూడా ఇదేనా?

సమాధానం: మాస్టారి మాట సరదాగా ఉంది గానీ, కరివేపాకులో ఏనుగు లేదండీ. ఏనుగు అనే అర్థమున్న కరి సంస్కృతం. కరం అంటే చెయ్యి, ఏనుగుకైతే తొండం. హస్తం ఉన్నది హస్తి అయినట్టే కరం ఉన్నది కరి. వెలగపండు మింగిన కరి ఇదే.

మీ తమ్ముడి మాటా తప్పు కాదు. కన్నడంలో కరి అంటే నలుపు, మిరియాలు కరిమెణసు. మన కర్రి ఆవుదీ ఆ కుటుంబమే. అయితే కన్నడంలోనే నూనెలో వేయించడాన్నీ కరి అంటారు. బెంగళూరులో ‘కరిద తిండి’ అన్న బోర్డు చూసి మాడిపోయిన తిండేమో అని కంగారు పడొద్దు, లోపల ఉండేవి చక్కిలాలే.

అసలు ముడి తమిళంలో విడుతుంది. అక్కడ బొగ్గు ‘కరి’, కూర ‘కఱి’. కరివేపాకును వాళ్లు కఱివేప్పిలై అని బండి ‘ఱ’తోనే రాస్తారు, అంటే కూరలో వేసే వేపాకులాంటి ఆకు. మన ఇప్పటి రాతలో బండి ‘ఱ’ లేదు కనుక ఆ తేడా కంటికి ఆనదు. కన్నడిగులు మాత్రం కరిబేవు అంటే నల్ల వేప అని చెప్పుకుంటారు. పండు నల్లనిదే, ఒప్పుకుంటాను. కానీ పోపులో వేసేది ఆకు కదా! నా ఓటు తమిళానికే.

సంగం కాలపు ప్రాచీన తమిళ పాటల్లో ఈ కఱికి మిరియాలని అర్థం. యవనుల, అంటే గ్రీకు, రోమన్ వర్తకుల ఓడలు కేరళ తీరంలోని ముజిరిస్ రేవుకు బంగారంతో వచ్చి కఱితో వెళ్లేవని ఒక పాట చెబుతుంది. తర్వాత అది కూర అయింది, మాంసమూ అయింది. మదురైలో కఱి దోసె అడిగితే పైన మటన్ పరిచి తెస్తారు, శాకాహారులు చూసుకోవాలి.

ఇంగ్లిష్ కర్రీ ఈ కఱి నుంచి వచ్చిందే. పోర్చుగీసువాళ్లు దీన్నే ‘కరిల్’ అన్నారు. కాకపోతే గుర్రం ఒళ్లు దువ్వి శుభ్రం చేయడానికీ ఇంగ్లిష్‌లో అవే అక్షరాలతో ఒక ‘కర్రీ’ ఉంది. అది పాత ఫ్రెంచి మాట, కూరతో చుట్టరికం లేదు. 1390 ప్రాంతపు ఇంగ్లిష్ వంటల పుస్తకం పేరులో ‘క్యూరీ’ అన్న మాట కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని కర్రీ మాదేనని వాదించిన ఇంగ్లిష్‌వాళ్లూ ఉన్నారు. ఆ మాటకు ఫ్రెంచిలో వంట అనే అర్థం. పైగా పోర్చుగీసు నావికుడు వాస్కో డ గామా మన మలబారు తీరంలో దిగింది 1498లో, అంటే ఆ పుస్తకం వచ్చిన వందేళ్లకు.