వయసు మీరాక టైటిల్ కోసం దిగితే బాక్సర్ పేరు చెడుతుందా? నేను చూసినంతలో చెప్తాను

ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పకియావ్ 2025 జూలైలో, 46 ఏళ్ల వయసులో, మారియో బారియోస్‌తో డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ అనే సంస్థ) వెల్టర్‌వెయిట్ టైటిల్ కోసం ఆడి డ్రాతో బయటపడ్డాడు, ఎనిమిది వెయిట్ కేటగిరీల్లో చాంపియన్ అయిన మనిషికి ఇదంతా అవసరమా, ఇట్లా దిగితే ఇన్నేళ్లు సంపాదించిన పేరు పోదా అని అడిగారు మీరు.

నేను హనుమకొండలో చిన్నప్పటి నుంచి బాక్సింగ్ చేసినవాణ్ణి. రాష్ట్ర స్థాయి దాకా ఆడాను, ఇప్పుడు పొద్దున పూట పిల్లలకు నేర్పిస్తున్నాను. నలభైకి దగ్గరపడ్డ మనిషి టైటిల్ కోసం రింగ్‌లోకి దిగితే ఆయన కార్నర్‌లో, అంటే రౌండ్ల మధ్య బాక్సర్‌ను చూసుకునే మనిషిగా, నిలబడ్డాను కూడా. అందుకని ఇది నాకు పుస్తకాల్లో చదివిన సంగతి మాత్రమే కాదు.

నా జవాబు: పేరు పోదు. పోయేది ఒళ్లు. జనం ఎప్పుడూ పేరు గురించే వాదించుకుంటారు, ఒంటి గురించి ఎవరూ మాట్లాడరు, నాకు బాధగా ఉండేది అక్కడే.

మహమ్మద్ అలీ సంగతే చూడండి. 1978 సెప్టెంబర్‌లో లియాన్ స్పింక్స్ మీద గెలిచి మూడోసారి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు, తర్వాత రిటైర్ అయ్యాడు. అక్కడితో ఆగి ఉంటే అంతకన్నా గొప్ప ముగింపు ఇంకోటి ఉండేది కాదు. కానీ రెండేళ్లు రింగ్‌కు దూరంగా ఉండి, 1980 అక్టోబర్ 2న 38 ఏళ్ల వయసులో లారీ హోమ్స్ మీదికి వచ్చాడు. ఈ హోమ్స్ ఎవరంటే ఒకప్పుడు అలీకే స్పారింగ్ పార్ట్‌నర్, అంటే ప్రాక్టీస్‌లో ఎదురుగా నిలబడి ఆడే మనిషి. బౌట్‌కు ముందు అలీని చూసినవాళ్లంతా సన్నబడ్డాడు, పాత అలీ వచ్చేశాడు అని సంబరపడ్డారు, కానీ ఆ సన్నబడడంలో థైరాయిడ్ మందుల పాత్ర ఉందని తర్వాత బయటపడింది. పది రౌండ్లు జరిగితే ముగ్గురు జడ్జీలూ పదికి పది హోమ్స్‌కే ఇచ్చారు. హోమ్స్ మధ్యమధ్యలో రిఫరీ వైపు చూస్తున్నాడు, ఆపవయ్యా బాబూ అన్నట్టు. చివరికి పదకొండో రౌండ్‌కు పంపకుండా ట్రైనర్ ఏంజెలో డండీ ఆపేశాడు, పక్కనే ఉన్న అలీ టీం మనిషి బుండిని బ్రౌన్ ఇంకొక్క రౌండ్ అని పట్టుకుని లాగుతున్నా వినలేదు. ఆ తర్వాత కూడా అలీ ఆగలేదు, 1981 డిసెంబర్‌లో బహమాస్‌లో ట్రెవర్ బెర్బిక్ చేతిలో ఓడాడు. 1984లో పార్కిన్సన్స్ అని తేలింది.

ఇప్పుడు చెప్పండి, అలీ పేరు ఏమన్నా తగ్గిందా? మా దగ్గరికి వచ్చే పదేళ్ల పిల్లగానికి కూడా అలీ తెలుసు, ఆ పిల్లగానికి బెర్బిక్ ఎవరో తెలియదు. నిజానికి ఆ బౌట్‌తో నష్టపోయిన ఇంకో మనిషి హోమ్స్. అంతకాలం చాంపియన్‌గా ఉన్నా, అలీని కొట్టినోడు అనే మాటే ఆయన్ని వెంటాడింది. పెద్దాయన చివరిసారి దిగినప్పుడు ఎదుటి మనిషి గెలిచినా గెలుపు దక్కదు. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

దీనికి పూర్తిగా ఎదురు కథ జార్జ్ ఫోర్‌మన్‌ది. 1974లో కిన్షాసాలో అలీ చేతిలో ఓడి, 1977లో ఆట వదిలేసి, పదేళ్ల తర్వాత లావుగా తిరిగొస్తే అందరూ నవ్వారు. 1991లో 42 ఏళ్లకు ఇవాండర్ హోలీఫీల్డ్‌తో పన్నెండు రౌండ్లు నిలబడి పాయింట్ల మీద ఓడాడు, ఆ ఓటమితోనే ఆయన మీద గౌరవం పెరిగింది. 1993లో టామీ మోరిసన్ చేతిలో కూడా ఓడాడు. అయినా 1994 నవంబర్ 5న, 45 ఏళ్ల వయసులో, కిన్షాసాలో వేసుకున్న అదే ఎర్ర నిక్కరుతో అప్పటి హెవీవెయిట్ చాంపియన్ మైకేల్ మూరర్ ముందుకు వచ్చాడు. తొమ్మిది రౌండ్లు అయ్యేసరికి ముగ్గురు జడ్జీల దగ్గరా వెనకబడి ఉన్నాడు. పదో రౌండ్‌లో ఒక పొట్టి రైట్ హ్యాండ్ గడ్డం మీద పడింది, అంతే, మూరర్ లేవలేదు. ఆ రాత్రి లేకపోతే ఫోర్‌మన్‌ను అలీ చేతిలో ఓడిన మనిషిగానే చాలామంది గుర్తుపెట్టుకునేవాళ్లు.

అంటే గెలిస్తే మంచిది, ఓడితే చెడ్డది అని నేను చెప్పట్లేదు. తేడా ఎక్కడుందో రింగ్‌లో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. వయసుతో ముందు పోయేవి కాళ్లు. తర్వాత రిఫ్లెక్స్, అంటే పంచ్ వస్తోందని కన్ను చూసినా తల పక్కకు జరగదు. పంచ్‌లో బలం మాత్రం చివరిదాకా ఉంటుంది. అలీ ఆటంతా కాళ్ల మీద, గార్డ్ (మొహానికి అడ్డం పెట్టే చేతులు) కిందికి దించి తల వెనక్కి లాగే వేగం మీద నిలబడింది, అది పోయిన రోజు ఆయనకు దాక్కునే చోటు లేదు. ఫోర్‌మన్‌కు కాళ్లతో ఎప్పుడూ పెద్దగా పని లేదు. బెర్నార్డ్ హాప్కిన్స్ అయితే మూడో రకం, దూరం లెక్క, క్లించ్ (ఎదుటివాణ్ణి పట్టుకుని కొట్టనివ్వకపోవడం), ఎదుటివాడి లయ చెడగొట్టడం ఆయన విద్య, అందుకే 2011లో 46 ఏళ్లకు జాన్ పాస్కల్‌ను, 2013లో 48 ఏళ్లకు టవోరిస్ క్లౌడ్‌ను కొట్టి టైటిళ్లు తీసుకున్నాడు. అదే హాప్కిన్స్ 2016లో 51 ఏళ్లకు జో స్మిత్ జూనియర్‌తో ఆడి తాళ్ల మధ్య నుంచి రింగ్ బయటికి పడ్డాడు. ఎంత తెలివైన ఆటకైనా ఒక చివర ఉంటుంది.

ఇక నా అనుభవం. మా దగ్గర ఒక అన్న ఉన్నాడు, పేరు రాయను. కాజీపేటలో రైల్వే ఉద్యోగం. ఇరవైల్లో ఆయన లెఫ్ట్ హుక్ పక్కటెముకల కింద, లివర్ మీద పడితే ఎదుటివాడు ఊపిరి అందక మోకాళ్ల మీద కూర్చునేవాడు. కానీ రాష్ట్ర సీనియర్స్ గోల్డ్ మాత్రం రాలేదు, ఎప్పుడూ ఫైనల్లో ఆగేది, ఒక ఏడాది మంచి ఫామ్‌లో ఉంటే భుజం పోయింది. అమెచ్యూర్‌లో 40 దాటితే ఎలైట్ విభాగంలో ఆడనివ్వరు. అది దగ్గరపడుతోందని ఆయనకు మనసులో పడింది. ఒకరోజు ప్రాక్టీస్ అయ్యాక "తమ్మీ, ఈసారి నేను ఎంట్రీ ఇస్తున్న, నువ్వు కార్నర్ల ఉండాలె" అన్నాడు.

మేమెవ్వరం వద్దనలేదు. వద్దనే హక్కు మాకు లేదని అప్పుడూ అనుకున్నా, ఇప్పుడూ అనుకుంటున్నా. పొద్దున్నే పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కి దిగేవాడు, జేఎన్‌ఎస్ గ్రౌండ్‌లో కుర్రాళ్లతో పోటీపడి స్ప్రింట్లు తీసేవాడు, డ్యూటీకి వెళ్లి సాయంత్రం మళ్లీ బ్యాగ్ కొట్టేవాడు. ఆ కష్టం చూసి మా పిల్లలు సిన్సియర్‌గా రావడం మొదలుపెట్టారు. నాకు టెన్షన్ ఉన్నది ఒక్క బరువు దగ్గరే. పాతికేళ్లప్పుడు వారంలో దిగిన బరువు ఇప్పుడు నెల పట్టినా దిగదు, చివరికి నీళ్లు తగ్గించి దించాల్సి వస్తుంది. అలా ఎండిపోయిన ఒంటితో తలకు దెబ్బలు తినడం చాలా ప్రమాదం. నేను గట్టిగా పట్టుబట్టి ఒక కేటగిరీ పైన ఎంట్రీ వేయించాను, దానికి ఆయన సణిగాడు, ఎందుకంటే అక్కడ కుర్రాళ్లు ఎత్తు ఎక్కువ.

ఫైనల్ దాకా వచ్చాడు. ఎదురుగా ఇరవై దాటిన హైదరాబాద్ కుర్రాడు. మొదటి రౌండ్ అన్నదే, అందులో అనుమానం లేదు, జాబ్‌తో (ముందు చేత్తో నేరుగా కొట్టే పంచ్) దూరం పట్టి, కుర్రాడు లోపలికి వచ్చిన ప్రతిసారీ టైమింగ్‌తో ఆపాడు. రెండో రౌండ్ సగం అయ్యేసరికి మడమలు నేలకు అతుక్కుపోయాయి. బయట నుంచి చూసేవాళ్లకు ఆయన దెబ్బలు తింటున్నట్టు కనిపించదు, గార్డ్ పైనే ఉంది, కానీ ప్రతి పంచ్‌కూ రెండు చేతుల వెనక తల ఊగుతోంది, జరగాల్సిన తల జరగట్లేదు. మూడో రౌండ్‌లో రిఫరీ ఆట ఆపి, దెబ్బ తిన్న అన్నకు ఎనిమిది లెక్కపెట్టాడు. లెక్క అయ్యాక అన్న నా వైపు చూశాడు, చూపు నా మీద ఆగలేదు, నా వెనక ఎక్కడికో పోయింది. ఇక చాలు, ఆపండి అని నేను రింగ్‌లోకి తువ్వాల వేసేశాను.

రింగ్ దిగాక ఆయన అన్న మాట: "నువ్వెవ్వడివిరా ఆపెతందుకు? ఇంకొక్క నిమిషం ఉంటే నేనే కొట్టేటోణ్ణి." చాలాకాలం నాతో మాట్లాడలేదు. రెండు రోజులు తలనొప్పి అంటే వాళ్ల ఇంట్లోవాళ్లు స్కానింగ్ చేయించారు, దేవుడి దయవల్ల ఏమీ లేదు. ఇప్పుడు మళ్లీ పిల్లలకు ఆ లెఫ్ట్ హుక్ నేర్పిస్తున్నాడు, నాతో బాగానే ఉంటాడు, కానీ ఆ తువ్వాల సంగతి మాత్రం ఒప్పుకోడు, ఫర్వాలేదు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తా.

మరి ఆయన పేరు? హనుమకొండలో ఆ ఫైనల్ గురించి మాట్లాడేవాళ్లు లేరు. ఆయన గుట్ట మెట్ల మీద పరుగు గురించి మాట్లాడతారు.

మన వైపు వాళ్లం నిఖత్ జరీన్ సంగతి కూడా ఇక్కడ తలచుకోవాలి. మేరీ కోమ్ 2018లో ఢిల్లీలో ఆరోసారి ప్రపంచ చాంపియన్ అయింది, అప్పటికే ముగ్గురు పిల్లల తల్లి. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు ఆమెను నేరుగా పంపే మాట వచ్చేసరికి, నిజామాబాద్ అమ్మాయి, 23 ఏళ్ల నిఖత్, ట్రయల్ పెట్టండి అని క్రీడా మంత్రికి లెటర్ రాసింది. డిసెంబర్‌లో ట్రయల్ జరిగింది, మేరీ 9-1తో గెలిచింది, చెయ్యి కూడా కలపలేదు. మా దగ్గర అప్పుడు చాలామందికి మేరీ మీద కోపం వచ్చింది. నేను మాత్రం రెండూ సరైనవే అంటాను. ట్రయల్ అడగడం నిఖత్ హక్కు, గెలవడం మేరీ హక్కు. మేరీ టోక్యోలో 38 ఏళ్ల వయసులో కొలంబియా బాక్సర్ ఇంగ్రిట్ వాలెన్సియాతో 3-2 స్ప్లిట్ డెసిషన్‌లో ఓడింది, ఆ ఓటమి ఆరు ప్రపంచ టైటిళ్లలో ఒక్కదాన్ని కూడా తగ్గించలేదు. నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. ఆ ట్రయల్ లేకుండా మేరీని పంపి ఉంటే అప్పుడు మేరీ పేరుకు నిజంగా మచ్చ పడేదని నా నమ్మకం. వయసు మీరిన చాంపియన్ దిగడం తప్పు కాదు, క్యూలో ఉన్నవాళ్లను దాటించి దింపడం తప్పు.

పకియావ్ విషయంలో నాకున్న అభ్యంతరం కూడా ఇదే. 2019లో 40 ఏళ్లకు కీత్ థర్మన్‌ను ఓడించడం అద్భుతం, అది ఎవరూ కాదనలేరు. కానీ 2021లో యోర్డెనిస్ ఉగాస్ చేతిలో ఓడి రిటైర్ అయ్యాక, మధ్యలో ఒక్క గెలుపు కూడా లేకుండా నేరుగా టైటిల్ బౌట్ ఇచ్చారు. అది పేరు చూసి ఇచ్చిన అవకాశం. ఆ తప్పు సంస్థది, బౌట్ అమ్మినవాళ్లది. రింగ్‌లో మాత్రం ఆయన తనకన్నా పదహారేళ్లు చిన్నవాడితో సమానంగా ఆడాడు, ఇద్దరు జడ్జీలు 114-114 ఇచ్చారు, ఒకరు 115-113 బారియోస్‌కు ఇచ్చారు. చివరి మూడు రౌండ్లు ముగ్గురు జడ్జీలూ బారియోస్‌కే రాశారు. మీరు ఆ మూడు రౌండ్లను మళ్లీ పెట్టుకుని పంచ్‌లు చూడకండి, పకియావ్ కాళ్లు చూడండి. జనం డ్రా అని సంతోషపడ్డారు, నాకు మా అన్న మడమలు గుర్తొచ్చాయి.

కాబట్టి మీ జిల్లాలో, మీ క్లబ్‌లో ఏ సీనియరైనా మళ్లీ దిగుతానంటే పేరు పోతుందని భయపెట్టకండి, ఆ భయం వాళ్లను ఆపదు సరికదా ఇంకా పట్టుదల పెంచుతుంది. ముందు తలకు సంబంధించిన డాక్టర్ పరీక్షలు చేయించండి. అలీ డాక్టర్ ఫెర్డీ పచేకో 1977లోనే ఆపమని చెప్పి, వినకపోతే టీం వదిలి వెళ్లాడు, అలాంటి డాక్టర్ మాట వినే మనిషి ఇంట్లో ఒకరైనా ఉండాలి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లతో నిజమైన స్పారింగ్ పెట్టించండి, గౌరవంతో మెల్లగా కొట్టే శిష్యులతో కాదు. బరువు కోసం నీళ్లు మానేస్తే ఎంట్రీ వెనక్కి తీసుకోండి. కార్నర్‌లో ఎవరు ఉంటారో, ఎప్పుడు ఆపుతారో బౌట్‌కు ముందే ఆయన నోటితో ఒప్పించుకోండి, తర్వాత ఆయన ఎన్ని తిట్లు తిట్టినా సరే ఆ మనిషి తువ్వాల వేయడానికి వెనకాడకూడదు.