నాగార్జున సాగర్ నీళ్లు ఎవరికెన్ని? మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సార్, నమస్తే. మాది ఎడమ కాలువ నుంచి చీలిన మేజరు పంటకాలువ చివరి ఊరు. సాగర్‌లో 540 అడుగుల నీళ్లున్నాయని పేపర్లో చూసి యాసంగికి నారు పోశాం. నాట్లయ్యాక రెండు తడులు అందాయి, ఇప్పుడు మడి నెర్రెలిచ్చింది. కాలువ చూసుకునే లష్కర్‌ను అడిగితే పైనుంచే రావట్లేదంటాడు. డ్యాంలో నీళ్లుండి కూడా మాకెందుకు రావు?
– ఒక రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: ముందు ఆ 540 సంగతి చూద్దాం, ఎందుకంటే ఏటా చాలామంది ఆ అంకె చూసే నారు పోస్తున్నారు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అప్పుడు 312 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు). కట్టిన కొత్తలో 408 అనేవారు, పూడికతో తగ్గింది. 540 దగ్గర ఉండేది 190 టీఎంసీల లోపే. మామూలుగా 510 అడుగుల కిందికి పొలాలకు తీయరు, ఆ మట్టంలో కూడా డ్యాంలో 131 టీఎంసీల దాకా ఉంటాయి, బ్రిడ్జి మీద నిలబడి చూస్తే సముద్రంలా కనిపిస్తాయి, కాలువకు మాత్రం రావు. అవి తీసేస్తే చేతికొచ్చేది అరవై లోపు. కుడి కాలువ, ఎడమ కాలువ, నల్లగొండ మెట్టకు ఎత్తిపోసే ఏఎమ్మార్పీ, హైదరాబాద్ తాగునీళ్లు, ఎండకు ఆవిరయ్యేవి, అన్నీ అందులోంచే. ఎడమ కాలువ 11,000 క్యూసెక్కులతో, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీళ్లతో, నిండుగా పారితే రోజుకు దాదాపు ఒక టీఎంసీ పోతుంది. వరి నాలుగు నెలల పంట. లెక్క మీరే వేసుకోండి.

కాగితం మీద మాత్రం కేటాయింపు గట్టిగానే ఉంది. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ లెక్కలో సాగర్‌కు 281 టీఎంసీలు: కుడికి 132, ఎడమకు 132, ఆవిరికి 17. కానీ ఆ లెక్క నూటికి 75 ఏళ్లు దొరికే నీళ్ల మీద వేసింది, అంటే నాలుగేళ్లలో ఒక ఏడాది దొరక్కపోవచ్చని ముందే ఒప్పుకున్నట్టు. పైగా ఎడమ కాలువ 132 మన ఒక్కరివే కాదు, పాలేరు దాటి ఖమ్మం ఉంది, ఆ తర్వాత ఆంధ్రలోకి పోతుంది.

ఇక మీ మడి ఎందుకు ఎండిందంటే, నా ఉద్దేశంలో అసలు కారణం డ్యాం దగ్గర లేదు, మీ మేజరులోనే ఉంది. నీళ్లు తక్కువైనప్పుడు కొన్ని రోజులు వదిలి కొన్ని రోజులు ఆపుతారు, ఆన్ ఆఫ్ అంటారు కదా. ఆపిన రోజుల్లో కాలువ అడుగు పగుళ్లిస్తుంది. మళ్లీ వదిలిన మొదటి రోజు నీళ్లు ఆ పగుళ్లకే సరిపోతాయి, తర్వాత మొదటి తూములవాళ్లు మళ్లు నింపుకుంటారు, కట్ట మీద మోటార్లు పెట్టినవాళ్లు లాగుతారు, ఆరుతడికని, అంటే అప్పుడప్పుడు తడిపితే చాలే పంటలకని, లోకలైజ్ (కేటాయింపు) చేసిన భూముల్లో కూడా వరే వేస్తారు. ఒక టీఎంసీతో ఆరుతడి పంటలైతే పదివేల ఎకరాలు, వరి అయితే ఆరేడు వేలకు మించి పారవు. మీ చివరి తూముకు తడి తగిలేసరికి వంతు రోజులు సగం అయిపోతాయి. ఎనిమిది రోజులు నీళ్లిచ్చాం అని ఆఫీసులో రాసుకున్నది అబద్ధం కాదు, మీకు మూడు రోజులే వచ్చాయన్నదీ నిజమే.

అందుకని నీళ్లేవీ అని అడిగి ఊరుకోకండి, మేజరు తూము దగ్గర గేజీ (నీటి మట్టం) ఎంత ఉంది అని అడగండి. తూము కింద గోడకు అంకెలు రాసిన పలక ఉంటుంది, పాచి పట్టి కనిపించకపోతే గీకించండి. వంతు రోజుల్లో పొద్దున, సాయంత్రం దాని ఫొటో తీసి పెట్టుకోండి. తూము దగ్గర గేజీ నిండుగా ఉండి మీ దగ్గర లేదంటే నీళ్లు మధ్యలో పోతున్నాయి, అక్కడే తక్కువుంటే ఇంజనీరును అడగాల్సిందే. రోజువారీ గేజీ రిజిస్టరు నకలు సమాచార హక్కు చట్టం కింద అడిగి తీసుకోవచ్చు. చివరి తూములకు ముందు వంతు పెట్టమని ఊరి తరఫున రాసివ్వండి, ఇది కొత్త కోరికేం కాదు, వారబందీ (వంతులవారీగా నీళ్లిచ్చే) షెడ్యూలు వేసుకునే పని 1997 చట్టం నీటి సంఘాలకే ఇచ్చింది. ఆ సంఘాలకు ఎన్నికలు జరిగి ఏళ్లయింది, నాకు బాధగా ఉండేది అక్కడే. పై రైతు, కింది రైతు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వేదికే లేకుండా పోయింది.

ప్రశ్న: మేడం, మాది మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మా అత్తమ్మ నడుము వంగిపోయింది, కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లలకు ఆ భయం తగ్గింది. మా తమ్ముడి పొలం నిడమనూరులో ఉంది. తాగునీళ్ల పేరు చెప్పి మా పంటకు ఆపుతున్నరు అని వాడి కోపం. నిజంగా తాగడానికి అన్ని నీళ్లు కావాలా?
– ఒక గృహిణి

జవాబు: లేదమ్మా, అన్ని అక్కర్లేదు. హైదరాబాద్‌కు కృష్ణా నుంచి ఏడాదికి 16.5 టీఎంసీలు, దాదాపు సాగర్‌లో ఆవిరికని రాసిన నీళ్లంతే. రోజుకు చూస్తే ఐదు వందల క్యూసెక్కుల పైచిలుకు, ఎడమ కాలువ నిండుగా పారే నీళ్లలో ఇరవయ్యో వంతు కూడా కాదు. మీ తమ్ముడి పంట ఎండడానికి ఆ నీళ్లు కారణం కాదు.

అయితే వాడి కోపంలో కొంత న్యాయం ఉంది. తాగునీళ్లు 365 రోజులూ కావాలి. సాగర్ నీళ్లు ఎత్తిపోసే పుట్టంగండి దగ్గర మోటార్లకు నీళ్లు అందాలంటే మట్టం 510 కిందికి పోకూడదు, పోతే అదనంగా ఎమర్జెన్సీ పంపులు పెట్టాలి. అక్కడినుంచి అక్కంపల్లి రిజర్వాయరుకు ఎక్కించి, పట్నానికీ మీ ఊళ్లకూ పంపుతారు. అంటే తాగునీళ్లు తీసుకునేది తక్కువ, కాపాడాల్సిన మట్టం ఎక్కువ. ఇంకా కిందినుంచి తోడుకోవచ్చనే సుంకిశాల పని పెట్టారు. తాగునీళ్లకు మొదటి వంతు ఉండాల్సిందే, ఇందులో నాకు రెండో మాట లేదు, మీ అత్తమ్మ లాంటివాళ్లను మర్రిగూడలో, మునుగోడులో చూసినవాళ్లెవరూ వేరే మాట అనలేరు. కానీ ఆపే సంగతి జనవరిలో చెప్తే రైతు మునుగుతాడు. యాసంగికి నీళ్లిస్తారా లేదా అన్నది నారు పోయకముందే, నవంబరులోపు ఊరూరా చాటింపు వేయాలి.

ప్రశ్న: కరెంటు కోసం నదిలోకి వదిలిన నీళ్లు మన వాటాలో పడతాయా?
– డిగ్రీ విద్యార్థి, కోదాడ

జవాబు: బచావత్ తీర్పు ప్రకారం జల విద్యుత్తుకు వాడిన నీళ్లలో ఆవిరైన మేరకే వాడకం కింద లెక్క. టర్బైన్ తిప్పిన నీళ్లు పులిచింతల మీదుగా కృష్ణా డెల్టాకు పోతాయి, డెల్టాకు ఎలాగూ ఇవ్వాల్సిన నీళ్లయితే కరెంటు ఉచితంగా వచ్చినట్టే. డెల్టాకు అవసరం లేనప్పుడు వదిలితేనే గొడవ, అప్పుడు సాగర్ మట్టం దిగుతుంది, ఆ దెబ్బ మన కాలువ మీద పడుతుంది. వదిలిన నీళ్లను కిందినుంచి మళ్లీ డ్యాంలోకి ఎత్తిపోసే యంత్రాలు సాగర్‌లో ఉన్నాయి. ఇక ఉమ్మడి రాష్ట్రానికి వచ్చిన 811 టీఎంసీల కృష్ణా నీళ్లను రెండు రాష్ట్రాలూ ఆంధ్రకు 512, తెలంగాణకు 299గా వాడుకోవడం 2015లో చేసుకున్న తాత్కాలిక ఏర్పాటు, తుది పంపకం ఇంకా బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ముందు ఉంది.