అత్త నన్నే దొంగ అంటోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది పలాస దగ్గర ఊరు. మా అత్తకు 72 ఏళ్ళు. పాతికేళ్ళు జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్ళి ఇల్లు నిలబెట్టిన మనిషి. రెండేళ్ళుగా మతిమరుపు. ఇప్పుడు అన్నం తిన్న పావుగంటకే వీధిలోకి వెళ్ళి ‘మా కోడలు కూడెట్టడం నేదు’ అంటోంది. కమ్మలు తనే ఎక్కడో దాచి ‘నువ్వే తీసీసినావు’ అని నన్ను తిడుతోంది. సాయంత్రమైతే ‘మా ఇంటికెల్లిపోతాను’ అని బట్టలు మూట కట్టుకుంటుంది. గాలి సోకిందని ఊళ్ళోవాళ్ళంటే తాయెత్తు కూడా కట్టించాం. రాత్రి పడుకోవడం లేదని ఆర్‌ఎంపీ నిద్రమాత్ర ఇచ్చారు. అది వేసినప్పటి నుంచి తూలుతోంది. మా ఆయన చెన్నైలో పని చేస్తారు. ఆడపడుచు ఫోన్ చేసి ‘అమ్మని సరిగా చూడట్లేదట’ అంటుంది. మొన్న కోపం ఆపుకోలేక అత్త మీద చెయ్యి చేసుకున్నాను. ఆ రాత్రంతా ఏడ్చాను. నేనేం చెయ్యాలి?

జవాబు: అమ్మా, చెయ్యి చేసుకున్న సంగతి దాచకుండా రాశారు. అది తప్పని మీకే తెలుసు, నేను మళ్ళీ చెప్పను. కానీ ఇంత కష్టమైన పనిని ఎవరూ ఏమీ నేర్పకుండా మీ ఒక్కరి నెత్తిన పెట్టారు. బాలింతకు నూనె ఎలా రాయాలో, పసిబిడ్డకు నీళ్ళెలా పొయ్యాలో పెద్దవాళ్ళు దగ్గరుండి చూపిస్తారు. మతి తప్పుతున్న మనిషిని ఎలా చూసుకోవాలో చూపించేవాళ్ళు మన ఊళ్ళలో లేరు. ఇదీ నేర్చుకోవలసిన పనే. ఇలాంటి కుటుంబాల కోసమే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘ఐసపోర్ట్’ అనే శిక్షణ పాఠాలు తెచ్చింది. మన దేశంలో 60 దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, ఉందని అంచనా. మీ వీధిలోనే ఇంకో ఇంట్లో ఇదే బాధ ఉన్నా ఉండొచ్చు.

ముందు కమ్మల సంగతి చెప్తాను, మిమ్మల్ని ఎక్కువ కోసింది అదే కాబట్టి. మీ అత్త అబద్ధం చెప్పడం లేదు. కమ్మలు తీసి బియ్యం డబ్బాలోనో దిండు గలీబులోనో పెట్టిన జ్ఞాపకం ఆమె మెదడులో నిలవలేదు. చెవి తడుముకుంటే కమ్మ లేదు. ఇంట్లో ఉన్నది మీరొక్కరే. ఆమెకు మిగిలిన లెక్క అదే. ‘నేను తియ్యలేదు’ అని మీరు ఒట్టు వేసినా లాభం లేదు, వాదించే కొద్దీ భయం పెరుగుతుంది. ‘అయ్యో, కమ్మలు కనబడ్డం లేదా అత్తా? ఉండు, ఇద్దరం వెతుకుదాం’ అనండి. వెతుకుతూ ఆ కమ్మలు ఎవరు చేయించారో అడగండి. కాసేపటికి ఆమె ధ్యాస కమ్మల మీద నుంచి ఆ కథ మీదికి మళ్ళుతుంది. అసలు కమ్మలు మాత్రం ఆడపడుచు ఎదురుగా తీసి ఆవిడకే అప్పగించండి. అలాంటివే వన్ గ్రామ్ గోల్డ్‌వి రెండు జతలు కొని ఉంచండి. ఒకటి పోతే ఇంకొకటి తీయొచ్చు.

అన్నం విషయంలోనూ అంతే. ‘ఇప్పుడే కదా తిన్నావు’ అన్న మాట ఆమె చెవికి ‘నీకు పెట్టను’ అన్నట్టే వినబడుతుంది. పెట్టేదే రెండు సార్లుగా పెట్టండి. అడిగినప్పుడు ‘అవుతోంది అత్తా, ఈలోగా ఇది తాగు’ అని గ్లాసుడు చోడంబలి (రాగి అంబలి) ఇవ్వండి. నిటారుగా కూర్చున్నాకే తాగించండి. పడుకుని తాగితే పొలమారుతుంది.

సాయంత్రం ‘మా ఇంటికెల్లిపోతాను’ అంటే ‘ఇదే మీ ఇల్లు’ అనొద్దు. వెలుగు తగ్గే వేళకు ఈ జబ్బులో కంగారు ఎక్కువవుతుంది. ఆమె అడుగుతున్న ఇల్లు చిన్ననాటి కన్నవారిల్లు కావచ్చు, భయం లేని చోటు కావచ్చు. చీకటి పడకముందే లైట్లు వెయ్యండి. ‘పద, వెళ్దాం’ అని చెయ్యి పట్టుకుని వీధి చివరి దాకా నడిపించి తీసుకురండి. చాలాసార్లు తిరిగి గుమ్మం ఎక్కేసరికి ఆ ఆరాటం తగ్గుతుంది. మీది రైలు పట్టాలున్న వైపు, జాగ్రత్త మాత్రం తప్పదు. ఆమె చేతి కడియం మీద మీ ఫోన్ నంబరు చెక్కించండి. పక్కింటివాళ్ళకి, ఆటో స్టాండులో వాళ్ళకి విషయం చెప్పి ఉంచండి. ఇది దాచుకోవలసిన సంగతి కాదు. ‘మా అత్తకి మెదడు జబ్బు’ అని మీరే చెప్తే, కూడు పెట్టడం లేదన్న మాటకు కూడా ఊళ్ళో విలువ ఉండదు.

మీరు రాయలేదు కానీ అడుగుతున్నాను. మన వైపు ఆ వయసు ఆడవాళ్ళలో చాలామందికి అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంటుంది. మీ అత్తకీ ఉంటే చుట్టలు, అగ్గిపెట్టె ఆమె చేతికి దొరకనివ్వకండి. నిప్పు నోట్లో ఉన్న సంగతే మరిచిపోయే స్థితి ఇది. చీర కొంగు అంటుకోవడానికి క్షణం చాలు.

ఇక వైద్యం. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దాన్ని తెంపితే ఇంకో గొడవ. కానీ ఆసుపత్రికి ఇంకా తీసుకెళ్ళకపోవడం మాత్రం నాకు చాలా బాధ కలిగించింది. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్ళండి. థైరాయిడ్ లోపం, బీ12 తక్కువ కావడం, డిప్రెషన్ కూడా మతిమరుపులాగే కనిపిస్తాయి, వాటికి మందులున్నాయి. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించండి. కిడ్నీ దెబ్బతింటే మనిషి అయోమయంలో పడొచ్చు, మందుల మోతాదులూ మారతాయి. డిమెన్షియాల్లో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ అని తేలితే దాన్ని పూర్తిగా నయం చేసే మందు ఈనాటికీ లేదు. కొందరికి లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచే మందులున్నాయి.

ఆ నిద్రమాత్ర సంగతి డాక్టర్‌కి మొదటే చెప్పండి. ఇలాంటివారికి నిద్రమాత్రలతో తూలిపడటం, తుంటి ఎముక విరగడం, అయోమయం పెరగడం జరుగుతాయి. జలుబుకీ దురదకీ ఇచ్చే కొన్ని మాత్రలూ మతిని మసకబారుస్తాయి. నిద్రమాత్రను ఒక్కసారిగా మానెయ్యకుండా డాక్టర్ చెప్పినట్టు తగ్గించండి. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల పట్టీలన్నీ సంచిలో వేసుకెళ్ళండి. ఇంకో మాట. నిన్నటి దాకా బాగానే ఉన్న మనిషి ఒక్క రోజులో బాగా తికమక పడితే జబ్బు ముదిరిందని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే చూపించాలి.

పగలు ఆమె చేతులకు పని ఇవ్వండి. పాతికేళ్ళు పప్పు పొట్టు తీసిన వేళ్ళు ఆ పని అంత తొందరగా మరిచిపోవు. ఒక చాటలో వేరుశనగ కాయలు పోసి ముందు పెట్టండి. వొలిచినవాటిలో పొట్టు మిగిలినా, కాయలూ పప్పులూ కలిపేసినా ఏమీ అనకండి. వొలవడం అయిపోతే ఇంకో చాట పెట్టండి. పగలు కునుకు తగ్గి పని పెరిగితే రాత్రి నిద్ర కూడా కొంత దారికొస్తుంది.

కోపం తన్నుకొచ్చినప్పుడు ఆమెను కూర్చోబెట్టి, పొయ్యి ఆపి, పెరట్లోకి వెళ్ళిపోండి. అయిదు నిమిషాలు చాలు. మనసు బాధలకు సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అత్త కోసమే కాదు, మీ కోసం కూడా చెయ్యండి. వృద్ధుల సహాయానికి 14567 ఉంది. మళ్ళీ చెయ్యి లేచేలా ఉంటే అది మీకు విశ్రాంతి కావాలన్న గుర్తు, ఆ రోజే ఎవరినైనా తోడు పిలవండి.

కింది మాటలు మీ ఆయనకీ ఆడపడుచుకీ. వాట్సాప్‌లో పంపండి.

బాబూ, డబ్బు పంపిస్తున్నారు, సంతోషం. కానీ అమ్మ మీ ఇద్దరికీ అమ్మ. ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడినప్పుడు ఆమె మామూలుగానే అనిపిస్తుంది, ఈ జబ్బులో అలాగే ఉంటుంది. అది విని కోడల్ని అనుమానించకండి. అమ్మా, మీరు వచ్చి రెండు రాత్రులు అమ్మ పక్కన పడుకోండి, తర్వాత మాట్లాడండి. ఆమెకు వచ్చే పింఛను ఆమె మందులకీ అవసరాలకీ మాత్రమే ఖర్చు పెట్టండి. ఏ కాగితం మీదా ఆమె వేలిముద్ర వేయించకండి. ఈ సంక్రాంతికి మీరిద్దరూ కలిసి పది రోజులు ఇక్కడ ఉండి అమ్మను చూసుకోండి. ఆ పది రోజులూ ఈవిడ కన్నవారింటికి వెళ్ళి రానివ్వండి. ఫోన్ చేసి కమ్మలెక్కడున్నాయని అడగొద్దు.