ఉచితంగా భోజనం పెట్టి ప్రజెంటేషన్ వినమంటే వెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇదీ: హోటల్లో భార్యాభర్తలిద్దరికీ ఉచితంగా డిన్నర్ పెడతాం, గంటన్నర ప్రజెంటేషన్ వింటే చాలు అని ఫోన్ వచ్చింది. వెళ్లి తిని, ఏమీ కొనకుండా వచ్చేస్తే తప్పవుతుందా? అసలు వెళ్లడం మంచిదేనా?

మొదటిదానికి నా జవాబు సూటిగానే ఉంటుంది. తప్పు కాదు. పిలిచింది వాళ్లు, షరతు పెట్టింది వాళ్లు. ఇంతసేపు కూర్చుని వినండి, భోజనం పెడతాం అన్నారు. మీరు కూర్చుని విన్నారంటే మీ వంతు అయిపోయినట్టే. వచ్చినవాళ్లందరూ కొనరని వాళ్లకు ముందే తెలుసు. కొన్న ఆ కొద్దిమంది డబ్బుతోనే అందరి భోజనాల ఖర్చూ తేలిపోతుంది. అయితే కొనే ఉద్దేశం ఉన్నట్టు నటించకండి. ఎదురుగా కూర్చున్న కుర్రాడికి వచ్చేది చాలావరకు కమీషనే. "మేం ఈరోజు ఏదీ కొనం, మీరు చెప్పేది మాత్రం పూర్తిగా వింటాం" అని మొదట్లోనే చెప్పేస్తే అతనికీ మేలు, మీకూ టెన్షన్ ఉండదు.

రెండో ప్రశ్నకే ఎక్కువ చెప్పాలి. ఇలాంటి వాటికి నేను కొన్నిసార్లు వెళ్లాను. ఎక్కువగా హాలిడే క్లబ్ మెంబర్‌షిప్‌లు (ముందే డబ్బు కడితే ఏళ్లతరబడి ఏటా కొన్ని రోజులు రిసార్టుల్లో గది ఇస్తామనేవి) అమ్మేవి, ఒకసారి మాత్రం మా మామగారికి తోడుగా పెట్టుబడుల సెమినార్. వీటన్నిటిలో భోజనం ఎందుకు పెడతారన్నది ముందు అర్థం చేసుకోవాలి. 1971లో డెనిస్ రీగన్ అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అందులో ఒక మనిషి బయటికి వెళ్లి, తనతోపాటు పక్కవాడికి కూడా అడక్కుండానే ఒక కూల్‌డ్రింక్ తెచ్చిస్తాడు. కాసేపయ్యాక లాటరీ టికెట్లు కొంటావా అని అడుగుతాడు. డ్రింక్ పుచ్చుకున్నవాళ్లు, పుచ్చుకోనివాళ్లకంటే దాదాపు రెట్టింపు టికెట్లు కొన్నారు. ఆ మనిషి నచ్చకపోయినా కొన్నారు. ఒక కూల్‌డ్రింక్‌కే అంత మొహమాటం ఉంటే, పక్కనే నిలబడి వడ్డించి, పిల్లల చదువుల గురించి ఆప్యాయంగా అడిగిన మనిషికి కాదని చెప్పడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

ఇక టేబుల్ దగ్గర ఏం జరుగుతుందో చెప్తాను. మాకు ప్రజెంటేషన్ ఇచ్చిన అబ్బాయి ఒక తెల్లకాగితం తీసి, మా వైపు నుంచి చదవడానికి వీలుగా, తనకు తలకిందులుగా అంకెలు వేస్తూ వెళ్లాడు. "ఏడాదికోసారైనా టూర్ వెళ్తారు కదా సార్? గదికి రోజుకి ఎంత పెడతారు?" మేం చెప్పిన అంకె పైన రాశాడు. దాన్ని రోజులతో గుణించాడు, తర్వాత ఇరవై అయిదేళ్లతో గుణించాడు, ఏటేటా పెరిగే ధరల పేరుతో ఇంకొంత కలిపాడు. చివరికి వచ్చిన పెద్ద మొత్తం చుట్టూ సున్నా చుట్టి, "ఇది మీరు ఎలాగూ ఖర్చు పెట్టే డబ్బే. మేం సగానికంటే తక్కువకే ఇస్తున్నాం" అన్నాడు. కాగితం మీద చూస్తే ఎక్కడా తప్పు కనబడదు. మా ఆవిడ మాత్రం ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుని, "ఏటా కట్టాల్సిన మెయింటెనెన్స్ ఈ లెక్కలో ఏదండీ?" అని అడిగింది.

"అది చాలా చిన్న మొత్తం మేడమ్."

"అది కూడా ఏటా పెరుగుతుందా?"

దానికి జవాబు రాలేదు. పేజీ తిప్పి రిసార్ట్ ఫొటోలు చూపించాడు.

ఆ ఒక్క ప్రశ్న పట్టుకుంటే చాలు, మిగతావన్నీ బయటికొస్తాయి. గది ధర పెరుగుతుందని లెక్క వేసినప్పుడు మెయింటెనెన్స్ కూడా పెరుగుతుందని వెయ్యాలి కదా. ఆరోగ్యం బాగాలేకో, సెలవు దొరక్కో వెళ్లలేని ఏళ్లుంటాయి. ఆ ఏడాది కూడా మెయింటెనెన్స్ కట్టాల్సిందే. ప్రయాణం ఖర్చు, భోజనాల ఖర్చు వేరు. ముందుగా ఒకేసారి కట్టే డబ్బు ఇంకెక్కడైనా ఉంటే వచ్చే వడ్డీ ఇంకో లెక్క. ఈఎంఐలో తీసుకుంటే ఆ వడ్డీ మనమే ఎదురు కట్టాలి. మెంబర్‌షిప్ వద్దనుకుని అమ్మబోతే కొనేవాడు దొరకడం చాలా కష్టం. ఇవన్నీ కలిపి కూడా లాభమే అని తేలితే కొనుక్కోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ లెక్క ఇంట్లో కూర్చుని, మన కాగితం మీద మనం వేసుకోవాలి.

వాళ్లు ఇవ్వనిదల్లా ఆ ఇంటికెళ్లే వ్యవధే. కాదన్నాక మేనేజర్ వస్తాడు. పాత ధర కొట్టేసి పక్కన కొత్తది రాస్తాడు. అదీ కాదంటే ఇంకొకరు వచ్చి చిన్న ప్యాకేజీ చూపిస్తారు. ఈలోపు హాల్లో ఎక్కడో చప్పట్లు, "ఫలానా కుటుంబం ఇప్పుడే మన మెంబరైంది" అని మైకులో ప్రకటన. ఈ ధర ఈ రాత్రికే అంటారు. భార్యాభర్తలిద్దరూ రావాలని ఫోన్లోనే పట్టుబట్టేదీ ఇందుకే. ఒక్కరే వెళ్తే "ఇంట్లో అడిగి చెప్తాను" అని లేచి రావచ్చు. ఇద్దరూ ఉంటే ఆ మాటకు దారి మూసేసినట్టే. మేమైతే బయల్దేరే ముందే అనుకుని వెళ్తాం: సంతకం పెట్టేది లేదు, కార్డులు ఇంట్లోనే ఉంటాయి, ఇద్దరిలో ఒకరు "ఇక వెళ్దాం" అంటే రెండోవాళ్లు మారు మాట్లాడకుండా లేవాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. అక్కడ చాలా జంటలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఎదుటివాళ్లకు ఇష్టమేమో అనుకుని ఊరుకోవడం నేను కళ్లారా చూశాను.

నోటిమాటల సంగతి కూడా చెప్పాలి. ఏ సీజన్‌లో అడిగినా గది దొరుకుతుందని ఆ అబ్బాయి గట్టిగా చెప్పాడు. "ఈ ఒక్క వాక్యం అగ్రిమెంట్‌లో రాసి సంతకం పెట్టండి" అన్నాను. లోపలికెళ్లి అడిగొచ్చి, చేత్తో రాయడానికి వీల్లేదన్నాడు. అదే అగ్రిమెంట్‌లో చిన్న అక్షరాల్లో, ఇందులో రాసినవి తప్ప ఎవరు ఏం చెప్పినా కంపెనీకి సంబంధం లేదని ఉంది. గదులు ఖాళీని బట్టే ఇస్తామని కూడా ఉంది. మీరు వెళ్తే ఈ రెండు వాక్యాలూ తప్పకుండా వెతకండి.

మా మామగారితో వెళ్లిన సెమినార్ గురించి రాస్తుంటే ఇప్పటికీ మనసు కుదుటపడదు. హాలు నిండా రిటైరైనవాళ్లే. పేరుకు "ఆర్థిక అవగాహన సదస్సు", జరిగేది మాత్రం అమ్మకమే. అమెరికాలో ఇలాంటి ఉచిత భోజనాల పెట్టుబడి సెమినార్లు నడిపే 110 సంస్థలను నియంత్రణ సంస్థలు తనిఖీ చేసి, 2007లో నివేదిక ఇచ్చాయి. అవగాహన కోసమే అని ప్రచారం చేసుకున్నా, ప్రతి ఒక్కటీ అమ్మకం కోసం పెట్టిందేనని తేలింది. సగానికి పైగా చోట్ల ప్రచారంలో అతిశయోక్తులో, తప్పుదారి పట్టించే మాటలో కనిపించాయి. 13 శాతం తనిఖీల్లో మోసం ఛాయలే బయటపడ్డాయి. జర్మనీలో పెద్దవాళ్లను బస్సుల్లో షికారుకు తీసుకెళ్లి, కాఫీ ఇచ్చి, దుప్పట్ల దగ్గర్నుంచి మందుల దాకా అంటగట్టడం ఏళ్లతరబడి సాగింది. చివరికి 2022లో ఇలాంటి తాత్కాలిక అమ్మకాల్లో వైద్య పరికరాలు, పోషకాల మాత్రలు, ఆర్థిక పథకాలు అమ్మకూడదనే చట్టం అమల్లోకి వచ్చింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇలాంటి పిలుపు వస్తే "వెళ్లొద్దు" అని కసురుకోకండి. చాలామంది భోజనం కోసం వెళ్లరు. నలుగురితో కూర్చోవచ్చని, తమ మాట ఎవరో ఒకరు శ్రద్ధగా వింటారని వెళ్తారు. వీలైతే తోడు వెళ్లండి. ఇంటికొచ్చాక సెమినార్‌లో ఏం చెప్పారని అడిగి తీరిగ్గా వినండి.

వెళ్లినా వెళ్లకపోయినా, అక్కడిచ్చే ఫారం విషయంలో జాగ్రత్త. జీతం, పుట్టినతేదీ, కార్డు వివరాలు రాయక్కర్లేదు. ఫోన్ నంబర్ ఇస్తే తర్వాత చాలాకాలం కాల్స్ వస్తూనే ఉంటాయి.

ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు అగ్రిమెంట్‌లో రద్దు గడువు ఎంతో చూడండి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఇలాంటి హాలిడే ఒప్పందాలకు 14 రోజుల గడువుంది, ఆ గడువు పూర్తయ్యే దాకా అడ్వాన్స్ కూడా తీసుకోకూడదు. అమెరికాలో హోటళ్లలాంటి తాత్కాలిక చోట్ల అమ్మిన వస్తువులకు మూడు పనిదినాల గడువుంది కానీ ఇన్సూరెన్స్, షేర్లు, స్థిరాస్తి అందులోకి రావు. మీరున్న చోట ఏ నిబంధన ఉందో అదే రోజు కనుక్కోండి. ఫోన్ చేసి చెప్తే సరిపోదు. "మేనేజర్ లేరు, సోమవారం చేయండి" అంటూ గడువు దాటించేస్తారు. రద్దు చేసుకుంటున్నామని రాతపూర్వకంగా, తేదీ వేసి, ఈమెయిల్‌లోనూ రసీదు వచ్చే పోస్టులోనూ రెండు విధాలా పంపి, ఆ రసీదు దాచుకోండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకు కూడా అదే రోజు రాయండి.